ఒకే కాగితం మీద రెండు కథలు

ప్రశ్న: ఇంట తెలుగు, బయట తమిళం వినే నాలుగేళ్ల పిల్లల చేత కథలు తిరిగి చెప్పించడానికి, పోల్పించడానికి కలిసి బొమ్మలు వేయించడం ఉపకరిస్తుందా? (ఒక పాఠకురాలు, నెమిలి)

జవాబు: ఉపకరిస్తుంది, అయితే బొమ్మ అందంగా రావడం కాక, వేస్తున్నంతసేపూ పిల్లల మధ్య సాగే మాటే అసలు పాఠమని గుర్తించాలి. పునఃకథనం, అనగా విన్న కథను వరుస తప్పకుండా సొంత మాటల్లో చెప్పడం, ఆ వయసులో కష్టమయ్యేది పదాలు చాలక మాత్రమే కాదు, ఏది ముందో ఏది వెనకో మనసులో నిలుపుకోవలసి రావడం వల్ల కూడా; ఆ భారాన్ని గోడకు అంటించిన పొడవాటి కాగితం మోస్తుంది. ఇలా బొమ్మల వరుసతో కథ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు: శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలలో రామాయణ ఘట్టాలను గడులుగా విడదీసి తెలుగులో వివరణ రాసేవారు; తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలను ఘట్టం వెంట ఘట్టంగా చూపుతూ కథకులు గానం చేసేవారు.

పోలికకు ఆవు–పులి కథ, పంచతంత్రంలోని కోతి–మొసలి కథ బాగా కుదురుతాయి. రెంటిలోనూ ప్రాణాపాయంలో పడిన జంతువు వెనక్కి వెళ్లాలని అడుగుతుంది. ఆవు దూడకు పాలిచ్చి మాట ప్రకారం తిరిగివస్తుంది, కోతి గుండె చెట్టుమీద మరిచానని బొంకి బతికిపోతుంది. నలుగురైదుగురు పిల్లలు ఒక కథను పైవరుసలో, రెండోదాన్ని దాని కిందివరుసలో గీస్తే, తేడా ఎక్కడ మొదలైందో వారే వేలుపెట్టి చూపగలుగుతారు. పిల్లలు చెప్పిన మాటను, అది తమిళమైనా సరే, బొమ్మ కింద ఉన్నదున్నట్టు రాయాలి. ఆవుకు ఆరు కాళ్లు వచ్చినా దిద్దనక్కరలేదు గానీ, ఆవు, కోతులలో ఎవరు చేసింది మంచిదని తొందరపడి అడగకూడదు, ఎందుకంటే ఆ ప్రశ్నతో పిల్లలు పెద్దలకు నచ్చే జవాబు వెతకడం మొదలుపెడతారు.