జోలపాటయు గురకయు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో ఎటు చూచినను ఎఱ్ఱని మిరప కల్లములు కానవచ్చును. ఎండుచున్న కాయలకు కావలిగా రైతులు రాత్రులందు అచ్చటనే పండుకొందురు. వారిలో ఒకడు గురక పెట్టినచో ప్రక్క కల్లమువారు కూడ మేలుకొందురు. “అదృష్టవంతుడు! కుంభకర్ణుని నిద్ర!” అని నవ్వుకొందురు. గురక నిజముగా సుఖనిద్రకు గుర్తేనా? ఒక సంగీతకారుని కథ ఈ ప్రశ్నను మన ముందుంచును.

జొహాన్నెస్ బ్రామ్స్ 1833లో జర్మన్ నగరమగు హాంబర్గున జన్మించెను. తన స్నేహితురాలు బెర్తా ఫాబర్‌కు కుమారుడు కలిగినప్పుడు, 1868లో ఆయన ఒక జోలపాటకు స్వరములు కూర్చెను. మన తల్లులు ఊయల ఊపుచు జోల పాడునట్లే, నేటికిని అనేక దేశముల తల్లులు ఆ పాటతో బిడ్డలను నిద్రపుచ్చుచున్నారు.

మఱి ఆయన నిద్ర ఎట్టిది? 1853లో లిస్ట్ అను పియానో విద్వాంసుడు స్వీయకృతిని వాయించుచుండగా బ్రామ్స్ కునుకుపాట్లు పడెనని చెప్పుదురు. 1876లో ఆయనతో ఒకే గదిలో పండుకొనిన జార్జి హెన్షెల్ అను గాయకుడు గురక భరింపలేక వేఱొక గదికి పోయెను. తెల్లవారిన పిదప బ్రామ్స్ నవ్వుచు, “నామీద బూటు విసరకపోతివేల?” అని అడిగెనట.

ఇట్టి సంగతులను పరిశీలించి, 2000లో మిచెల్ మార్గొలిస్ అను వైద్యుడు, బ్రామ్స్‌కు నిద్రలో శ్వాస ఆగిపోవు వ్యాధి ఉండియుండవచ్చునని వ్రాసెను. ఇది ఊహయే కాని నిర్ధారణ కాదు. ఆ వ్యాధి స్వరూపమును వైద్యులు 1965లో గాని స్పష్టముగా గుర్తింపలేదు.

నిద్రలో గొంతు కండరములు సడలును. ఇఱుకైన దారిలో గాలి పోవునపుడు గురక పుట్టును. నానిన గట్టు జారి పంటకాలువ పూడినట్లు, కొందఱిలో ఆ దారి పూర్తిగా మూసికొనును. పది సెకనులో, అంతకు మించియో ఊపిరి ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి నిద్రితుని లేపగా, అతడు గట్టిగా ఊపిరి తీసికొని మరల నిద్రలో మునుగును. ఇట్లు గంటకు అనేక పర్యాయములు జరిగినను అతనికి తెలియదు. రాత్రి నిద్ర చెడుటచే పగలు కునుకు వచ్చును, రక్తపోటు పెరుగును. పత్తి లారీ నడుపువాడు ఒక్క క్షణము కునికినను ప్రాణాపాయమే. టాన్సిల్సు పెరిగిన పిల్లలకు కూడ ఈ వ్యాధి రావచ్చును. కావున తరగతిలో కునుకు బాలుని వెంటనే సోమరి యనుట తగదు.

గురక పెట్టువారందఱును రోగులు కారు. రోగులకు చికిత్సయు కలదు. ముక్కుపై తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి శ్వాసమార్గమును తెఱచియుంచు పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ లోకమునకు తెలిపెను.

బ్రామ్స్ కాలమున నవ్వుట తప్ప వేఱు దారి లేకుండెను. నేడు కలదు. కల్లములో గురక విన్నవారు అది నడుమ ఆగుచున్నదేమో చెవియొగ్గి వినవలెను. ఆగి, ఉక్కిరిబిక్కిరితో మరల మొదలైనచో, ఉదయమున అతనికి చెప్పి వైద్యుని కడకు పంపవలెను. నిద్రించువాడు తన ఆపదను తానెఱుగడు. మేల్కొనియున్న పొరుగువాడే దానిని ఎఱిగి చెప్పవలెను.