ఓడ జాబితా నుండి ఊరి వరకు: వంశవృక్షమును వెదకు విధము

దేవాలయమున అర్చన చేయించునపుడు పురోహితుడు గోత్రనామములు అడుగును. మనలో అనేకులు పేరు చెప్పి, గోత్రము దగ్గర ఆగిపోవుదురు. గోత్రము తెలియనివారు కాశ్యప గోత్రము చెప్పుకొనవచ్చునని పెద్దలు ఒక వెసులుబాటు కల్పించిరి గనుక పూజకు లోటు రాదు. కాని ఇంటికి వచ్చిన పిమ్మట బిడ్డలు వేయు ప్రశ్నలకు ఆ వెసులుబాటు చాలదు. మనది ఏ ఊరు? మన ఇంటిపేరు ఏది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకు మార్గమును ఈ పాఠమున వివరింతుము.

1620లో మేఫ్లవర్ ఓడపై అమెరికాకు చేరిన ఆంగ్ల కుటుంబముల సంతతివారు తమ వంశమును ఇంటిపేరు పట్టుకొని వెదకుదురు. చర్చి పుస్తకములు, వీలునామాలు, భూమి దస్తావేజులు వారికి ఆధారములు. మన పూర్వులకు భూమి లేదు, వీలునామా లేదు. అయినను మనము నిరాశపడవలసిన పని లేదు. కూలీని ఓడ ఎక్కించిన ప్రభుత్వము ప్రతి మనిషికి ఒక సంఖ్య వేసి, వివరములు వ్రాసి ఉంచినది. అది ప్రేమతో చేసిన పని కాదు. లెక్క కొరకు చేసినది. కాని స్వగ్రామమున ఉండిపోయిన పేద అన్నదమ్ములను గూర్చి అట్టి వ్రాత దొరకుట అరుదు. ఓడ ఎక్కినవానికి అది కలదు.

ఏ దేశమున ఏ పత్రములు

మారిషస్‌కు 1834 మొదలు 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు వచ్చిరి. వారి వలస పుస్తకములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరుపబడినవి. 1860 దశకము నుండి తీసిన ఛాయాచిత్రములును అందు కలవు.

నటాల్‌కు మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినది. 1911 వరకు అచటికి వచ్చినవారు 1,52,184 మంది. ఓడ జాబితాలలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాయబడినవి.

ఫిజీకి తొలి ఓడ 1879లో కలకత్తా నుండి వచ్చినను, మద్రాసు నుండి ఓడలు వచ్చుట 1903లో మొదలయినది. 1916 వరకు బయలుదేరిన 60,965 మందికి వలస పాసులు ఇచ్చిరి. అవి సువాలోని జాతీయ అభిలేఖాగారమున ఉన్నవి.

ఇంటిపేరు ఎట్లు పోయినది

తెలుగువాడు ఇంటిపేరు ముందు చెప్పి తన పేరు తరువాత చెప్పును. ఆ ఫారములలో ఇంటిపేరునకు గడియే లేదు. గుమాస్తా మనిషి పేరును, తండ్రి పేరును మాత్రమే వ్రాసికొనెను. తరువాత తోటలలో పుట్టిన బిడ్డలకు తండ్రి పేరో తాత పేరో వంశనామముగా స్థిరపడినది. కొందరికి నాయుడు, రెడ్డి అను బిరుదులే వంశనామములయినవి. అందువలన ఒక్క తల్లి బిడ్డల సంతతికే వేరువేరు వంశనామములు ఉండవచ్చును. ఒకే వంశనామము గలవారికి ఏ చుట్టరికమును లేకపోవచ్చును. కావున మన వెదకులాట వంశనామముతో కాక, సంఖ్యతో సాగవలెను.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు ఇంటిలోనే కలదు. వయస్సు మీరిన వారిని ముందుగా అడుగవలెను. ఏ తోట, ఏ మిల్లు, ఎవరి అన్న ఎవరు, ఏ గ్రామదేవతకు మ్రొక్కెడివారు అను సంగతులను వారి మాటలలోనే వ్రాసికొనవలెను. మనకు తోచిన దిద్దుబాటు చేయరాదు.

రెండవ మెట్టు జనన, వివాహ, మరణ పత్రములు. మన తరము నుండి ఒక్కొక్క తరమే వెనుకకు పోవలెను. పాత పత్రములలో తల్లిదండ్రుల వలస సంఖ్య కనబడును. ఆ సంఖ్యయే తాళపుచెవి.

మూడవ మెట్టు ఓడ జాబితా. సంఖ్య దొరకిన పిమ్మట పేరు, తండ్రి పేరు, అదే ఓడలో వచ్చిన భార్యాబిడ్డలు సరిపోవుదురో లేదో చూడవలెను. వయస్సు గుమాస్తా అంచనాయే గనుక నాలుగైదేండ్ల తేడాకు కలవరపడవలదు.

నాలుగవ మెట్టు గ్రామము. ఇచటనే ఎక్కువమంది దారి తప్పుదురు. ఒక జాబితాలో పేరు అప్పలసామి, తండ్రి సన్యాసి, జిల్లా గంజాం, తాలూకా చికాకోల్ అని ఉన్నదనుకొందము. గంజాం నేడు ఒడిశాలో ఉన్నది గనుక వెదకువాడు అచటికి పోవును. కాని చికాకోల్ అనగా శ్రీకాకుళము. అది 1936 వరకు గంజాం జిల్లాలోనిది. తరువాత విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో తానే జిల్లా అయినది. అప్పల అను మాట సింహాచలము అప్పన్నను తలపించుచు ఉత్తరాంధ్రనే సూచించును. అయితే పేరు సూచన మాత్రమే, నిదర్శనము కాదు.

అట్లే ఉత్తర ఆర్కాడు అని చూచి తమ పూర్వులు తమిళులే అయి ఉందురని కొందరు తలంతురు. ఆ జిల్లాకు 1911 వరకు ముఖ్యపట్టణము చిత్తూరే. తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకాయు అందులోనిదే. కొకనాడ అనగా కాకినాడ. ఎల్లోర్ అనగా ఏలూరు. బిమ్లిపటం అనగా భీమునిపట్నము. ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 2022లో 26 అయినవి గనుక, ఓడ బయలుదేరిన నాటి జిల్లాను, నేటి జిల్లాను రెంటిని వ్రాసి ఉంచుట మేలు.

తల్లి వంకను విడువరాదు

ఫిజీ ఓడలలో నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండవలెనను నియమము కలదు. ఒంటరిగా వచ్చిన స్త్రీలును ఎందరో. ప్రతి స్త్రీకి తన సంఖ్య, తన తండ్రి పేరు, తన గ్రామము జాబితాలో కలవు. కనుక వంశవృక్షమున మగవారిని మాత్రమే వ్రాయు వాడుకను ఇచట మానవలెను. తండ్రి వైపు దారి మూసుకొనిపోయిన ఇంటికి తల్లి వైపు దారి తెరచి ఉండవచ్చును.

సిగ్గును, గొప్పను దూరముంచవలెను

పాత పత్రములలో బిడ్డను అక్రమ సంతానముగా వ్రాసి ఉండుట చూచి కొందరు ఆ కాగితమును దాచివేయుదురు. తాళి కట్టి, అగ్నిసాక్షిగా జరిగిన పెండ్లియైనను ప్రభుత్వ పుస్తకములో నమోదు కానిచో నాటి చట్టము దానిని లెక్కింపలేదు. దక్షిణాఫ్రికాలో 1913లో న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పు ఇట్టి వివాహములను చెల్లనివిగా చేసినందుననే స్త్రీలు కూడ సత్యాగ్రహమున చేరి చెరసాలకు పోయిరి. 1914 చట్టముతో ఆ అన్యాయము తొలగినది. ఆ మాట చట్టము యొక్క దోషమే గాని మన అవ్వల దోషము కాదు.

గొప్పను కోరుటయు అంతే హానికరము. కులము గడిలోని మాట కొన్నిచోట్ల గుమాస్తా ఊహ, కొన్నిచోట్ల కూలీ కావలెనని చెప్పిన మాట. దానిని పట్టుకొని ఏదో జమీందారు ఇంటిపేరును తగిలించుకొన్నచో, నిజముగా ఓడ ఎక్కి అయిదేండ్ల గిరిమిటి గడపిన మనిషిని మనమే తుడిచివేసినవారము అగుదుము. ఇంటిపేరు దొరకనిచో ఆ గడిని ఖాళీగా ఉంచుటయే పూర్వులకు మర్యాద.

సబా అల్ సలేంలో ఉన్నవారికి ఒక సౌలభ్యము

కువైట్‌కు పనికై వచ్చిన తెలుగువారిలో కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలవారు ఎందరో కలరు. మన జాబితాలలోని చిత్తూరు, గోదావరి సీమల ఊళ్లు వారికి తెలిసినవి. ఆంగ్ల గుమాస్తా వికృతముగా వ్రాసిన గ్రామనామమును వారియెదుట చదివి వినిపించినచో, సరియైన ఊరిపేరును వారు పోల్చి చెప్పగలరు. సబా అల్ సలేంలోని మనవారు పొరుగువారిని అడుగుటకు సంకోచింపవలదు.

వారికిని మనము ఒక మాట చెప్పవలసి ఉన్నది. నాడు మద్రాసు రేవులో కూలీలను పరిశీలించిన వలస సంరక్షకుడు అను అధికారి పదవి 1983 నాటి భారత వలస చట్టములోను అదే పేరుతో నిలిచినది. నాటి వలస సంఖ్య వలెనే నేడు పండ్రెండంకెల సివిల్ ఐడీ సంఖ్య కలదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచినవారి మనుమలు రేపు మనవలెనే వెదకవలసి వచ్చును. తమ ఇంటిపేరు, ఊరు, అవ్వతాతల పేర్లు తెలుగులో వ్రాసి ఇంట ఉంచుమని వారిని కోరుదము.

ఈ పండుగకు చేయవలసిన పని

ప్రతి ఇంటివారును ఒక కాగితముపై నాలుగు తరముల పేర్లు, ఆడువారి పేర్లతో సహా వ్రాయుదురు గాక. తెలిసినదానికి ఎదురుగా ఎవరు చెప్పిరో, ఏ పత్రమున కలదో గుర్తింపవలెను. పెద్దలు ఉండగానే ఈ పని జరుగవలెను. ఓడ జాబితాలు భద్రముగా ఉన్నవి గాని, వారి జ్ఞాపకము మనకొరకు వేచి ఉండదు.

శుభమస్తు.