లోడు మీద ఉండగానే కొలవాలి

మోటార్ వైండింగు, ఇళ్ళ వైరింగు పనుల్లోనే తల నెరిసింది నాకు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు లెక్క నోటికి వచ్చు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, ఆ రెండింటినీ గుణిస్తే వాట్లు. మొదటి సంగతిని జర్మనీలో ఓమ్ అనే పంతులుగారు 1827లో పుస్తకం వేసి చెప్పారు. అది నేటికీ చెక్కుచెదరలేదు. తప్పేది సూత్రం కాదు, అందులో మనం వేసే అంకెలు.

1. వోల్టేజి 230 అని ఊహించుకోకండి, కొలవండి. 2000 వాట్ల గీజరు 230 దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. అంటే దాని కాయిల్ రెసిస్టెన్సు సుమారు 26.5 ఓములు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంట్లో సాయంత్రం 180 వోల్టులే వస్తుంటే కాయిల్ మాత్రం అదే 26.5. అప్పుడు కరెంటు 6.8, పవరు 1225 వాట్లు. వోల్టేజి ఐదో వంతుకు కాస్త మించి పడితే, వేడి ఐదింట రెండు వంతులు పడిపోయింది. నీళ్ళు కాగడం లేదని, బాగున్న కాయిల్‌ని తీయించి కొత్తది వేయించుకున్న ఇళ్ళు ఎన్నో చూశాను. పాపం, వాళ్ళ డబ్బు వృథా.

2. చల్లగా ఉన్నప్పటి ఓములు వేరు, కాగినప్పటివి వేరు. పాత 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు లెక్క ప్రకారం 529 ఓములు. హోల్డరులోంచి తీసి మల్టీమీటరు పెడితే నలభైకి అటూ ఇటూ చూపిస్తుంది. రెండూ నిజమే. టంగ్‌స్టన్ వేడెక్కితే రెసిస్టెన్సు అంతగా పెరుగుతుంది. అందుకే ఆ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే పోయేవి. హీటరు కాయిల్ నైక్రోమ్ కాబట్టి అందులో పెద్ద తేడా రాదు. 1500 వాట్ల హీటరు 35 ఓముల దగ్గర చూపిస్తే కాయిల్ బాగున్నట్టే.

3. మోటారుకు ఈ లెక్క నేరుగా వేయకండి. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు వైండింగు 4 ఓములు చూపిందనుకుందాం. 415ని 4తో భాగిస్తే వంద ఆంపియర్లు దాటుతుంది. నీళ్ళు పోస్తుండగా టాంగ్ టెస్టర్ తగిలిస్తే ఏడు, ఏడున్నర. తిరిగే మోటారు తనలో తాను ఎదురు వోల్టేజి పుట్టించుకుంటుంది కాబట్టే ఇంత తేడా. రోటరు పట్టేస్తే ఆ ఎదురు బాగా తగ్గిపోతుంది, కరెంటు ఐదారు రెట్లు పెరుగుతుంది. పవరుకు కూడా ఒట్టి గుణకారం చాలదు. 415ను 7.5తో, 1.732తో, పవర్ ఫ్యాక్టరు 0.82తో గుణిస్తే దాదాపు 4,400 వాట్లు వస్తాయి. అందులో షాఫ్టు దగ్గర దక్కేది 3,730.

రైతులకు తప్పక చెప్పాల్సింది ఇంకొకటి. లో వోల్టేజి వస్తే గీజరు తక్కువ లాగుతుంది, మోటారు ఎక్కువ లాగుతుంది. తోడాల్సిన నీళ్ళు అన్నే కదా! మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఓవర్‌లోడ్ రిలేని పెంచి పెట్టేవాళ్ళున్నారు. అలా కాలిన వైండింగులే మా షాపుకు ఎక్కువగా వచ్చేవి.

4. ఇళ్ళు తగలబడేది చాలాసార్లు అర ఓము దగ్గరే. గీజరు ప్లగ్గు పిన్ను వదులైంది, అక్కడ అర ఓము చేరింది. 8 ఆంపియర్ల పైన కరెంటు పారుతుంటే అక్కడ పుట్టే వేడి 35 వాట్లు దాటుతుంది. టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! అంత వేడి గోలీకాయంత చోట నిలిస్తే ఏమవుతుందో చూడండి: ఒక్క పిన్నే నల్లబడుతుంది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, లోపలి వైరు తొడుగు వంచితే పెళపెళ విరుగుతుంది. ఎంసీబీ మాత్రం పడదు. కరెంటు పెరగలేదు, పైగా కాస్త తగ్గింది. అది ఎందుకు పడుతుంది?

దీన్ని మల్టీమీటరు ఓముల రేంజిలో పట్టుకోవడం కష్టం. ప్రోబుల తీగల్లోనే కొంత రెసిస్టెన్సు ఉంటుంది. గీజరు ఆన్‌లో ఉంచి బోర్డు దగ్గర ఒకసారి, గీజరు టెర్మినళ్ళ దగ్గర ఒకసారి వోల్టేజి చూడండి. ఆ తేడాను ఆంపియర్లతో భాగిస్తే దారిలో ఉన్న రెసిస్టెన్సు వస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 మీటర్ల దూరం, రానూపోనూ 30 మీటర్లు అయితే పడాల్సింది 2 వోల్టులు. 6 పడుతున్నాయంటే ఎక్కడో జాయింటు వదులైంది. మెయిన్ కట్టేసి ఒక్కొక్కటీ విప్పి చూడాల్సిందే.

5. ఓములు కొలిచేటప్పుడు మాత్రం సప్లై ఉండకూడదు. కెపాసిటర్ ఉంటే ముందు దాన్ని డిశ్చార్జి చేయండి.

6. మన ఒంటికీ ఇదే లెక్క. తడి చేతుల మనిషి రెసిస్టెన్సు వెయ్యి ఓములనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం పోవడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఇళ్ళలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, పడిపోతుంది. అది లేని ఇంట్లో గీజరు బిగించకండి. ఉన్న ఇంట్లో దాని టెస్ట్ బటన్ నొక్కి చూపించి, నెలకోసారి నొక్కమని ఇంటివాళ్ళకు చెప్పి రండి.