కారులో గాలి, చప్పుడు

వేసవి మధ్యాహ్నమున అంకులినుండి గోపాల్‌పూరు సముద్రతీరమునకు కారులో బయలుదేరితిమనుకొందము. అద్దములు మూసి, పంకా మీటను చివరి మెట్టునకు త్రిప్పుదుము. రొద హెచ్చును గాని గాలి ముఖమునకు అంతగా తగులదు. వెనుక కూర్చున్న పిల్లలకు ఉక్కపోత. ముందు కూర్చున్న తండ్రికి వారి మాట వినబడదు. పంకా పాడైనదని పలువురు తలంతురు. తరచుగా లోపము పంకాలో నుండదు, గాలి నడచు దారిలో నుండును.

మన ఇండ్లను చూడుడు. వీధి కిటికీ ఎంత పెద్దదైనను, పెరటి తలుపు మూసియున్నచో గాలి ఆడదు. లోనికి వచ్చుటకొక దారి, వెలికి పోవుటకొక దారి, రెండును కావలెను. కారు కూడ ఒక చిన్న ఇల్లే.

కారు ముందు అద్దము అడుగున ఒక జాలీ ఉండును. కారు పరుగెత్తునప్పుడు గాలి అచ్చట అద్దమునకు అడ్డుపడి నెమ్మదించును. వేగము తగ్గినచోట పీడనము హెచ్చునని డానియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథమువలన మనకు తెలియుచున్నది. అందుచేతనే గాలి ప్రవేశద్వారమును అచ్చట అమర్చుదురు. లోనికి వచ్చిన గాలి ఫిల్టరు అను వడపోత పొరను, పంకాను, చల్లబరచు జాలకమును దాటి, గొట్టములగుండ మన యెదుటి రంధ్రములకు చేరును. పిదప కారు వెనుక భాగమున, సామాను పెట్టు డిక్కీ ప్రక్కలనుండు తూములగుండ వెలికి పోవును.

ఇక చప్పుడు ఎట్లు పుట్టును? గాలి ఇరుకున దూరినప్పుడును, పదునైన మూలవద్ద మలుపు తిరిగినప్పుడును సుడులు పుట్టును. ఆ సుడులే రొదకు మూలము. అంతే గాలి సగము వైశాల్యముగల దారిన పోవలెనన్న, దాని వేగము రెట్టింపు కావలెను. పంకా విషయమున ఇంజనీర్లు వాడు లెక్క యొకటి కలదు. పంకా వేగము సగమైనచో గాలియు సగమగును. కాని దానికి కావలసిన శక్తి ఎనిమిదవ వంతునకు దిగును. చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గును. కావున దారిని బాగుచేసి, పంకాను ఒకటి రెండు మెట్లు తగ్గించుకొనుటయే తెలివి.

ముందుగా చప్పుడును గుర్తింపవలెను. కారును నిలిపి పంకాను మాత్రము నడపి వినుడు. టకటకమన్నచో ఎండుటాకు రెక్కలలో చిక్కియుండవచ్చును. కీచుమన్నచో ఇరుసు అరిగియుండవచ్చును. అదురు పుట్టినచో రెక్కలకు ఒక ప్రక్క మట్టి పట్టియుండవచ్చును. పంకా ఆపినను, కారు పరుగెత్తునప్పుడు మాత్రమే ఈల వినబడినచో, తలుపు రబ్బరును పరీక్షింపవలెను.

తరువాత మరమ్మతు. ఇంజనును ఆపి, జాలీపై రాలిన ఆకులను తీసివేయుడు. వడపోత పొర దుమ్ముతో మూసికొనిపోయినచో క్రొత్తది వేయింపుడు. కాగితపు పొరను నీటితో కడుగరాదు. దానిపై గాలి పోవు దిక్కును తెలుపు బాణపు గుర్తున్నచో, ఆ ప్రకారమే అమర్చవలెను. ముందరి రంధ్రములన్నియు తెరచి యుంచుడు. డిక్కీలోని తూములకు సామాను అడ్డము పెట్టకుడు.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. సన్నని కాగితపు పట్టీని రంధ్రము ఎదుట వ్రేలాడదీసి, అది ఎంత వాలునో గుర్తు పెట్టుకొనుడు. వడపోత మార్చిన పిమ్మట పంకాను అదే మెట్టున నడపి మరల చూడుడు. భేదము కంటికే కనబడును.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. లోపలి గాలినే మరల త్రిప్పు మీట ఒకటి కారులో నుండును. లారీ పొగ వెనుక చిక్కినప్పుడు అది మేలే. కాని దానిని అట్లే మరచిపోరాదు. బయటి గాలిలో బొగ్గుపులుసు గాలి నూటికి 0.04 వంతు మాత్రమే. మన ఊపిరిలో వెలువడు గాలిలో సుమారు 4 వంతులు. నలుగురు కూర్చున్న మూసిన కారులో అది పెరిగి మగత కలిగించును. బండి నడపువానికి మగత ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. మూసిన షెడ్డులో ఇంజను నడచుచుండగా కారులో కూర్చుండుట అంతకంటె ఘోరము. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషమునకు రంగు లేదు, వాసన లేదు.

మన ప్రాంతమున మేస్త్రీ ఒడియాలో మాటలాడును. కారుతో వచ్చు పుస్తకము తరచుగా ఆంగ్లములో నుండును. మన పిల్లలు తెలుగులో చదువుచున్నారు. దీనివలన మన పిల్లలు వెనుకబడుదురేమోయని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. గాలి కదలుటకు దారి కావలెనను సూత్రము ఏ భాషలోనైన ఒక్కటే. ఇంటి భాషలో దానిని బాగుగ గ్రహించిన పిల్లవాడు, మేస్త్రీని ఒడియాలో సరియైన ప్రశ్న అడుగగలడు. ఆంగ్ల పుస్తకములోని బొమ్మను చూచి దారిని గుర్తింపగలడు. ఈ సెలవులలో ఒకసారి పెద్దల తోడుతో కారు జాలీని పరీక్షించి చూడుడని మా మనవి.