కనుమనాటి కోడి పులుసు

సంక్రాంతి మూడవనాడు కనుమ. కోస్తా జిల్లాలలో మాంసము తిను ఇండ్లలో ఆనాడు మినప గారెలు, నాటుకోడి పులుసు తప్పనిసరి. కూతురు, అల్లుడు, మనుమలు వచ్చి పది విస్తళ్లు పడినప్పుడు ఒక్క కోడి ముక్కలు ఎవరికి చాలును? గారె ముంచుకొనుటకు పులుసే ఆధారము. అది నీళ్లవలె పలుచబడినచో ఎంత ఖర్చుపెట్టినను పండుగ భోజనము చప్పగనే యుండును.

కోడిని ఎంచుకొనుటలోనే సగము పని యున్నది. గుడ్లు పెట్టుచున్న పెట్టను పండుగ పేరిట కోసి నష్టపడరాదు. గుడ్లు మానిన ముదురు పెట్టను గాని, మందలో ఎక్కువైన పుంజును గాని తీసికొనవలెను. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలను పెంచువారు వాని పుంజులను వాడుకొనవచ్చును. ముడుచుకొని కూర్చున్నది, ఆకుపచ్చగా పారుచున్నది, మెడ వంకర తిరిగినది అయిన కోడిని “ఎటులైనను చచ్చునదే గదా” యని కోయుట కొందరి అలవాటు. ఇది మంచిది కాదు. అది కొక్కెర తెగులు కావచ్చును. కోసిన చోట పడిన ఈకలు, పేగులు, నెత్తురు వలన తెగులు ఊరిలోని ఇతర మందలకు ప్రాకును. అట్టి కోడిని వేరుగా నుంచి పశువైద్యునికి చూపవలెను. మందు వాడిన కోడినైతే ఆయన చెప్పిన గడువు తీరువరకు కోయరాదు.

ఈకలు పీకి, పసుపు రాసి, మంటపై కాల్చుట మీకు తెలిసినదే. తోలు మాత్రము తీసివేయవద్దు. తోలులోను, కీళ్లలోను ఉన్న జిగురు పదార్థము సన్నని సెగమీద కరగి పులుసుకు చిక్కదనము నిచ్చును. మెడ, రెక్కల కొనలు కూడ ఇందుకే వేయవలెను.

ఒకటిన్నర కిలోల కోడికి సుమారు కిలో మాంసము వచ్చును. దీనికి పావుకిలో ఉల్లిపాయలు, నాలుగు పెద్ద చెంచాల నూనె, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద చాలును. ఉల్లిని ఎర్రగా వేయించి, ముద్ద కలిపి, పచ్చివాసన పోయిన పిదప ముక్కలు, ఉప్పు, పసుపు వేయవలెను. మాంసములోని నీరు ఊరి, ఇగిరి, నూనె తేలువరకు ఓపిక పట్టవలెను. తొందరపడి ముందే నీళ్లు పోయుటచేతనే అనేక ఇండ్లలో పులుసుకు రుచి రాదు. గిన్నె అడుగున ఎర్రగా అంటుకొన్న దానిలోనే రుచి యంతయు నున్నది. కొద్ది వేడినీళ్లు పోసి గరిటెతో గీకి కలుపవలెను. అది నల్లగా మాడనీయరాదు.

తరువాత తగినంత కారము, రెండు చెంచాల ధనియాల పొడి వేసి, లీటరుంబావు వేడినీళ్లు పోసి మూతపెట్టవలెను. ముదురు కోడికి సన్నని సెగమీద గంటన్నర పట్టవచ్చును. ముక్క మెత్తబడిన పిదప చిన్న నిమ్మకాయంత చింతపండు రసము పోయవలెను. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు వండరాదు.

చిక్కదనమునకు 20 గ్రాముల గసగసాలు, 25 గ్రాముల ఎండుకొబ్బరి, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క దోరగా వేయించి, మెత్తగా నూరి కలిపి, పదిహేను నిమిషాలు ఉడికించవలెను. గసగసాల ధర ఎక్కువ. వానికి బదులు నువ్వులు వాడినను పులుసు చిక్కగానే వచ్చును. చివరి క్షణమున మరిద్దరు చుట్టాలు వచ్చి పులుసు పొడిగించవలసి వచ్చినచో ఒక పెద్ద చెంచా బియ్యపు పిండి వాడవచ్చును. కాని మరుగు పులుసులో పొడిపిండి చల్లినచో ఉండ పైపొర వెంటనే ఉడికి, లోపలి పిండి పచ్చిగా మిగులును. కనుక ముందుగా చన్నీళ్లలో జారుగా కలిపి, పులుసును త్రిప్పుచు సన్నని ధారగా పోయవలెను.

పచ్చిమాంసము కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడుగక కొత్తిమీర తరుగరాదు.

మిగిలిన పులుసును రాత్రంతయు పొయ్యి ప్రక్కన ఉంచుట ప్రమాదకరము. గోరువెచ్చని పులుసులో సూక్ష్మజీవులు త్వరగా పెరిగి వాంతులు, విరేచనాలు కలుగును. వెడల్పు గిన్నెలలో పలుచగా పోసి చల్లార్చి, రెండు గంటలలోపల ఫ్రిజ్జులో పెట్టవలెను. ఫ్రిజ్జు లేనివారు ఆ పూటకే సరిపడ వండుకొనుట మేలు. ముక్కనుమనాడు వాడునప్పుడు తెర్ల మరుగువరకు కాచవలెను. చల్లని పులుసు జున్నువలె గట్టిపడి యుండిన చెడినదని పారవేయవద్దు. అది తోలు, ఎముకల జిగురే. వేడి తగులగనే కరగును.