టేకు సామాను కొనునపుడు చేవ చూడుడు



నిజాంసాగరు నీటితో పండిన వరి అమ్మి, బాన్సువాడ ప్రాంతమున ఎందరో పెండ్లి మంచము, బీరువా కొందురు. వార్నీషు పూసిన పిదప ఏ కర్రయైనను టేకువలెనే కనిపించును. కావున పై మెరుగును నమ్మక, రంగు పూయని అడుగు భాగమును, వెనుక వైపును చూడవలెను.

టేకు చేవ బంగారు గోధుమ రంగులో నుండి, పాతబడిన కొలది ముదురును. అడ్డముగా కోసిన కొనయందు ఏటేటి వలయములు స్పష్టముగా తెలియును. చిత్రిక పట్టిన చోట చేతికి కొంచెము జిడ్డు తగులును. తోలు వంటి వాసన వేయును. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగును. నల్లమద్ది అంతకంటె బరువు.

అసలు టేకైనంత మాత్రమున చాలదు. చెదలను ఆపు శక్తి చేవకే గలదు. బెరడు ప్రక్కనుండు తెల్లచెక్కకు లేదు. లేత చెట్లలో ఈ తెల్లచెక్కయే ఎక్కువ. మంచపు కోళ్లను, పట్టెలను అడుగున చాకుతో గీకి చూడుడు. రంగు పూసిన తెల్లచెక్కయైనచో లోపలి తెలుపు బయటపడును.

కర్ర కొని వడ్రంగిచే చేయించుకొనువారు రశీదును, అటవీ శాఖ పర్మిటును తప్పక అడుగవలెను. దొంగ కర్ర చౌకగా దొరికినను, జప్తు అయినచో నష్టము కొన్నవారిదే.