కొత్త లారీ ఇంజన్ కొట్టుకుంటోందా? షోరూంలో అడగాల్సినవి, చట్టం ఇచ్చే హక్కులు

కరీంనగర్ గ్రానైట్, రామగుండం బూడిద, గోదావరిఖని బొగ్గు, మంచిర్యాల సిమెంటు, ఆదిలాబాద్ పత్తి... ఇవన్నీ లారీల మీద కదులుతుంటాయి. ఆ లారీల్లో ఒక్క బండి ఓనర్లవీ ఉంటాయి. బండి వారం రోజులు షెడ్డులో నిలబడితే కిస్తీ ఎట్లా కట్టాలన్న దిగులు పట్టుకుంటుంది. కొత్త బండి ఇంజన్‌లో చప్పుడు మొదలైనప్పుడు ఓనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవీ జవాబులు.

పొద్దుగాల స్టార్ట్ చేయంగనే టకటక అంటాంది. ఇది లోపమేనా?

అన్నిసార్లూ కాదు. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో నలిగి వేడెక్కిన గాలిలోకి ఇంజక్టర్ డీజిల్ చిమ్ముతుంది, ఆ వేడికే అది అంటుకుంటుంది. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ మధ్య ఆలస్యం పెరిగితే, అప్పటిదాకా పోగైన డీజిలంతా ఒక్కసారిగా మండి చప్పుడవుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఈ ఆలస్యం ఎక్కువ. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో చలి పది డిగ్రీల కిందికి దిగే రోజులు మామూలే. అలాంటి ఉదయం టకటకమని, కాసేపటికి ఇంజన్ వేడెక్కి సద్దుమణిగితే కంగారు అక్కర్లేదు.

వేడెక్కాక కూడా వినిపించే చప్పుడును మాత్రం పట్టించుకోవాలి. పైనుంచి సన్నగా, ఒకే తీరుగా వినిపిస్తే టాపెట్ సెట్టింగు కావచ్చు. ఒక్క సిలిండర్ దగ్గరే గట్టిగా కొడుతూ పొగ కూడా మారితే ఇంజక్టర్ మీద అనుమానం పెట్టుకోవాలి. నిర్మల్ ఘాట్ లాంటి చోట లోడుతో ఎక్కుతున్నప్పుడు ఇంజన్ కింది నుంచి బరువుగా 'దబ్ దబ్' మంటూ, ఆయిల్ ప్రెషర్ కూడా తగ్గుతుంటే అది కనెక్టింగ్ రాడ్డు బేరింగు కావచ్చు. అప్పుడిక బండి నడపొద్దు. ఆయిల్ లైటు వెలిగాక కూడా 'ఎట్లోగట్ల షోరూం దాకా పోదాం' అని నడిపిస్తే ఇంజన్ పట్టేస్తుంది, ఆ నష్టాన్ని కంపెనీ మీ ఖాతాలో రాస్తుంది. పక్కకు ఆపి, కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

మరో మాట. పై గేరులో తక్కువ ఆర్‌పీఎంతో లోడు లాగిస్తే మంచి ఇంజన్ కూడా కొట్టుకుంటుంది. డ్రైవర్‌ను ముందు ఒక గేరు దించి చూడమనండి.

"అన్ని బండ్లూ ఇట్లనే ఉంటయ్, రన్నింగ్‌లో సెట్ అయితది" అంటున్నారు. ఏం చేయాలి?

జాబ్ కార్డు వేయించకుండా అక్కడి నుంచి కదలొద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

మీరు పది నిమిషాలు వివరంగా చెబుతారు. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో 'జనరల్ చెకప్' అని రెండు మాటలు కొడతాడు. మీరు సంతకం పెడతారు. ఏడాది తర్వాత వారంటీ అయిపోయాక ఇంజన్ దిగితే, 'ఈ బండికి ఇంతకుముందు ఇంజన్ కంప్లైంటే లేదు' అని అదే కాగితం చూపిస్తారు. అది అబద్ధమని మీరెట్లా రుజువు చేస్తారు?

అందుకని మీ మాటలే కార్డు మీదకు ఎక్కాలి. ఇలా: 'ఇంజన్ వేడెక్కాక, లోడుతో, 4వ గేరులో, సుమారు 1,400 ఆర్‌పీఎం దగ్గర కింది భాగం నుంచి బరువైన కొట్టుడు శబ్దం. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతోంది. లోడుతో రోడ్డు టెస్టు చేయాలి.' మీటరు రీడింగు, తేదీ ఉండాలి. రోగం పేరు మీరు రాయించొద్దు, లక్షణమే రాయించండి. 'బేరింగు పోయింది' అని మీరే రాయించాక తీరా చూస్తే అది ఇంజక్టర్ అయితే, మీ ఫిర్యాదే తప్పని అంటారు.

లోడు టెస్టు సంగతి ఊరికే చెప్పలేదు. ఖాళీ బండిని షెడ్డు చుట్టూ తిప్పి 'శబ్దం లేదు, ఓకే' అని రాసివ్వడం మామూలే. లోడు మీద వచ్చే చప్పుడు ఖాళీ బండిలో ఎందుకు వినిపిస్తుంది? మీ డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టి టెస్టు చేయమనండి.

వాళ్లు రాయకపోతే అవే మాటలు షోరూంకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఆ రోజే ఈ-మెయిల్ చేయండి. ఈ-మెయిల్ అలవాటు లేకపోతే రిజిస్టర్డ్ పోస్టు. వాట్సాప్ వీడియో పంపినా సరే, ఫోన్‌లోంచి మాత్రం చెరపొద్దు. బండి తిరిగి తీసుకునేటప్పుడు ఏం చూశారో, ఏం మార్చారో, ఏ తేదీన లోపలికి వెళ్లి ఏ తేదీన బయటికి వచ్చిందో కాగితం మీద అడగండి. శబ్దం పోకపోతే 'సమస్య తీరలేదు' అని రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. వారంటీ కింద మార్చిన పాత సామాను మామూలుగా కంపెనీకి తిరిగి వెళ్లిపోతుంది, కనుక ముందే ఫొటో తీసుకోండి.

బయట మేస్త్రీకి చూపిస్తే వారంటీ పోతుందా?

చెవితో విని చెప్పడం వరకు ఏమీ కాదు. స్పానర్ పెట్టనివ్వొద్దు. సీలు తెగినా, పంపు విప్పినా 'బయట ముట్టుకున్నారు' అనే సాకు దొరుకుతుంది. వారంటీ ఒక్క షోరూంకే కట్టుబడి ఉండదు. సాధారణంగా అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉన్నా పని చేయించుకోవచ్చు. ఆదిలాబాద్ బండి 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగ్‌పూర్ వెళ్తూ ఆగిపోతే అక్కడి కంపెనీ షెడ్డులోనే జాబ్ కార్డు వేయించండి.

"కల్తీ డీజిల్ పోయించిన్రు, ఓవర్‌లోడ్ వేసిన్రు" అని తప్పు మా మీదకే తోస్తున్నారు.

అవి నిజమైన కారణాలే కావచ్చు. బీఎస్-6 డీజిల్‌కు సీటేన్ సంఖ్య (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె) కనీసం 51 ఉండాలి. కిరోసిన్ లాంటిది కలిస్తే ఆ సంఖ్య తగ్గి ఇంజన్ కొట్టుకుంటుంది, ఇంజక్టర్లూ అరుగుతాయి. నీళ్లు కలిసినా అంతే. కానీ నోటిమాటతో కల్తీ తేలదు. ట్యాంకులోంచి మీ ఎదుటే రెండు సీసాల్లో నమూనా తీసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం చేసి, ఒకటి మీకివ్వమనండి. పరీక్ష రిపోర్టు కాపీ అడగండి. బంకు బిల్లులు పారేయకండి.

ఓవర్‌లోడ్ విషయంలో కాటా చీటీలే మీకు రక్ష. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక 10 టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. అయితే మీ ఆర్సీలో ఏ బరువు ఉందో అదే మీకు లెక్క. రోజూ దానికి మించి వేసుకుని నడిపేవాళ్లకు ఈ వాదనలో బలం ఉండదన్నది దాచాల్సిన సంగతి కాదు.

ఇప్పటి ఇంజన్ల కంప్యూటర్‌లో లోపాల కోడ్‌లు నమోదవుతాయి. స్కానర్ పెట్టిన ప్రతిసారీ ఆ రిపోర్టు ప్రింటు అడగండి. ఇవ్వనంటే, అడిగామని మెయిల్‌లో రాసిపెట్టండి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆ రికార్డు తెప్పించమని కోరవచ్చు.

లారీ వ్యాపారం బండి కదా, వినియోగదారుల చట్టం మాకు వర్తిస్తుందా?

'కమర్షియల్ వెహికల్‌కు కన్జ్యూమర్ కేసు ఉండదు' అని షోరూంలో కొట్టిపారేస్తారు. ఇది సగమే నిజం. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటూనే, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం మాత్రమే కొని వాడుకునేవారిని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. పాత 1986 చట్టం కింద 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణల్లో లారీ కూడా ఉంది. తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడేనని చెప్పింది. పనిలో ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన హక్కు పోదని కూడా ఆ తీర్పులో ఉంది.

ఒకే బండి ఉండి, మీరే స్టీరింగు పట్టుకుంటే మీ దారి సాఫీ. బండి మీ పేరున ఉండి పూర్తిగా జీతం డ్రైవర్ మీదే నడుస్తుంటే వాదన గట్టిగా ఎదురవుతుంది. ఐదారు టిప్పర్లు తిప్పే కాంట్రాక్టర్‌కు కష్టమే. ఆయన 1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. అమ్మిన వస్తువు చెప్పిన పనికి పనికిరావాలన్న షరతు దాని 16వ సెక్షన్‌లో ఉంది.

ఫిర్యాదు మొదటి పేరాలోనే 'ఈ ఒక్క లారీ మీదే నా కుటుంబం బతుకుతోంది, నేనే నడుపుతాను' అని రాసి, హెవీ లైసెన్సు కాపీ జతచేయండి. ఈ వాక్యం మరిచిపోయిన ఫిర్యాదు మొదట్లోనే చిక్కుల్లో పడుతుంది.

కొత్త ఇంజన్ అడగాలా, కొత్త బండే అడగాలా?

కోపంలో అందరూ కొత్త బండే అడుగుతారు. చట్టం ప్రకారం లోపం సరిచేయించడం, వస్తువు మార్పించడం, డబ్బు వాపసు, పరిహారం అన్నీ ఉన్నాయి. కానీ 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో, వారంటీలో పార్టు మారుస్తామని ఉంటే మొత్తం బండిని మార్చమనలేమని సుప్రీంకోర్టు చెప్పింది. మరోవైపు 2004లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో, లోపాలున్న కొత్త డీజిల్ కారు అంటగట్టినందుకు అదే కోర్టు డీలర్‌నూ కంపెనీనీ కలిపి బాధ్యులను చేసింది. ముందు ఇంజన్ మార్పు, అది కుదరకపోతే డబ్బు వాపసు, వీటితోపాటు పరిహారం అని వరుసగా అడగడం తెలివైన పద్ధతి.

కేసు ఎవరి మీద, ఎక్కడ వేయాలి?

డీలర్, తయారీ కంపెనీ ఇద్దరినీ చేర్చండి. డీలర్ చేసిన ప్రతి తప్పుకూ కంపెనీ బాధ్యత ఉండదని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. కనుక ఎవరి తప్పేమిటో విడివిడిగా రాయండి: లోపమున్న ఇంజన్ కంపెనీది, జాబ్ కార్డులో రాయకపోవడం, బండిని ఊరికే నిలబెట్టడం డీలర్‌వి.

బండికి చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్. కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ జిల్లా కమిషన్లున్నాయి. 2016లో జిల్లాలు విడిపోయాయి కనుక జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ వాళ్లు తమ ఊరు ఏ కమిషన్ పరిధిలోకి వస్తుందో ముందే అడిగి వెళ్లండి. బండి హైదరాబాద్‌లో కొన్నా మీరు నివసించే చోట వేసుకోవచ్చు. బిల్లు వెనక 'వివాదాలు ఫలానా నగర కోర్టులోనే' అని అచ్చేసి ఉన్నా బెదరొద్దు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఫీజు 5 లక్షల దాకా లేదు, 20 నుంచి 50 లక్షల బండికి 1,000 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. గడువు రెండేళ్లు. షోరూం చుట్టూ తిరుగుతూ ఇది దాటబెట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. కేసుకు ముందు 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడండి. కొన్నిసార్లు షోరూం మాట వినని కంపెనీ, అక్కడి నుంచి ఫిర్యాదు వెళ్తే కదులుతుంది.

లోపం ఇంజన్‌లోనే పుట్టిందని ఎవరు తేల్చాలి?

రుజువు భారం మీదే. పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ తగిన ల్యాబ్‌కు పంపవచ్చు. దాని ఖర్చు మొదట మీరే కట్టాలి. నిపుణుడిని నియమించమని అర్జీ పెట్టుకోవచ్చు, జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ మెకానికల్ విభాగం లాంటి ప్రభుత్వ సంస్థ పేరు మీరే సూచించవచ్చు. అది జరిగేదాకా ఇంజన్ విప్పనివ్వొద్దు.

కిస్తీ ఆపేస్తే షోరూం దిగొస్తుందా?

దిగిరాదు. ఫైనాన్స్ ఒప్పందం వేరు, దాంతో షోరూంకు పనిలేదు. మీ సిబిల్ స్కోరు చెడుతుంది, ఆపైన బండి పోతుంది. గూండాలను పెట్టి బండి లాక్కోవడం తప్పని 2007లో ఐసీఐసీఐ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు అంది, నిజమే. కానీ ఆ మాట బాకీని మాఫీ చేయదు.

పత్తి సీజనంతా బండి షెడ్డులోనే ఉంది. పోయిన కిరాయిలు వస్తాయా?

ఇలాంటి నష్టాలకు తమ బాధ్యత లేదని వారంటీ పుస్తకంలో రాసుకుంటారు. నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. అంకె మాత్రం మీరు చూపాలి: అంతకుముందు నెలల ట్రిప్ షీట్లు, కాటా చీటీలు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంటు. నగదు కిరాయిలే నమ్ముకున్నవాళ్లకు ఇక్కడ నష్టం తప్పదు.

అడ్డాలో అదే మోడల్ బండ్లన్నిటికీ ఇదే చప్పుడు.

అయితే ఒక్కరుగా పోరాడొద్దు. ఛాసిస్ నంబర్లతో కలిసి కంపెనీకి రాయండి. మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్ కింద, భద్రతకో పర్యావరణానికో ముప్పు తెచ్చే లోపమైతే ఆ బండ్లను కంపెనీ చేత కేంద్రం వెనక్కి పిలిపించగలదు. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. బండి వయసు ఏడేళ్లలోపు ఉండాలి, ఫిర్యాదు వాహన్ పోర్టల్‌లో. నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేస్తే అది భద్రత సంగతేనని అందులో రాయండి.

గెలిచినా వాళ్లు ఇవ్వకపోతే?

జిల్లా కమిషన్ తీర్పు మీద 45 రోజుల్లో వాళ్లు అప్పీలుకు వెళ్లవచ్చు. చెల్లించమన్న మొత్తంలో సగం కట్టాకే రాష్ట్ర కమిషన్ అప్పీలు తీసుకుంటుంది. అప్పీలూ లేదు, డబ్బూ లేదంటే 72వ సెక్షన్ కింద మళ్లీ అదే కమిషన్‌లో అర్జీ పెట్టండి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.